మడ అడవుల్లో మధ్యతరహా మాంసాహారుల పర్యవేక్షణ: గోదావరి డెల్టాకు ఒక సమగ్ర మార్గదర్శి

పులులను, చిరుతలను లెక్కించే పద్ధతులు మన దేశంలో బాగా స్థిరపడ్డాయి. వాటికంటే చిన్నవైన బావురుపిల్లి (ఫిషింగ్ క్యాట్), నక్క, అడవిపిల్లి, నీటికుక్క వంటి మాంసాహారులు ఎన్ని ఉన్నాయో, ఏ నేలను ఎలా వాడుకుంటున్నాయో క్రమపద్ధతిలో చూసే ప్రయత్నాలు మాత్రం ఇంకా తక్కువే. ఈ జంతువులు అభయారణ్యం సరిహద్దు దగ్గర ఆగిపోవు. రొయ్యల చెరువుల గట్ల మీదా, పంట కాలువల పక్కన ఎదిగిన జమ్ములోనూ, ఊళ్లకు కూతవేటు దూరంలోనూ తిరుగుతాయి. అందువల్ల వాటి బాగోగులు చెప్పే సమాచారం డెల్టా మొత్తం ఆరోగ్యాన్ని చెబుతుంది. కాకినాడ దగ్గర 1978లో ప్రకటించిన 235.7 చదరపు కిలోమీటర్ల కోరింగ వన్యప్రాణి అభయారణ్యాన్ని, దాని చుట్టూ ఉన్న చెరువుల ప్రాంతాన్ని ఉదాహరణగా తీసుకుని, అధ్యయనాన్ని ఎలా రూపొందించాలో, పరికరాలను ఎలా అమర్చాలో, వచ్చిన సమాచారాన్ని ఎలా విశ్లేషించాలో ఇక్కడ వరుసగా వివరిస్తాను. అటవీ సిబ్బంది, జీవశాస్త్ర విద్యార్థులు, స్థానిక పరిరక్షణ బృందాలు ఈ పద్ధతిని కృష్ణా డెల్టాలోని మడ అడవులకు కూడా కొద్ది మార్పులతో వాడుకోవచ్చు.

ముందుగా ప్రశ్నను తేల్చుకోవడం

జంతువు ఎదుటికి రాగానే తనంతట తానే ఫొటో తీసే కెమెరాలు ఈ పనికి ప్రధాన పరికరం. వాటిని కొనడానికి ముందే మూడు వేర్వేరు ప్రశ్నలను విడదీసి చూడాలి. ఈ ప్రాంతంలో ఎన్ని జంతువులు ఉన్నాయన్నది మొదటిది. ఎన్ని చోట్ల అవి ఉన్నాయన్నది రెండోది. ఉన్న చోట ఏ రకం నేలను, ఏ వేళలో, ఎంతగా వాడుకుంటున్నాయన్నది మూడోది. మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే జంతువులను ఒకదాని నుంచి మరొకదాన్ని గుర్తుపట్టగలగాలి. బావురుపిల్లి ఒంటిమీది మచ్చల అమరిక ప్రతి జంతువుకూ వేరుగా ఉంటుంది కనుక అది సాధ్యమే. నక్కకు, అడవిపిల్లికి, నీటికుక్కకు అలాంటి స్పష్టమైన గుర్తులు లేవు. వాటి విషయంలో రెండో ప్రశ్ననే ప్రధానంగా పెట్టుకోవడం నిజాయితీగా ఉంటుంది. ఒకే కెమెరా అమరికతో మూడు ప్రశ్నలకూ పూర్తి జవాబు రాబట్టాలని చూస్తే సాధారణంగా ఏ ఒక్కదానికీ గట్టి జవాబు రాదు. ఒక జాతినీ ఒక ప్రశ్ననూ కేంద్రంగా నిలుపుకుని, మిగతా జాతుల సమాచారాన్ని అదనపు లాభంగా చూడాలన్నది నా సలహా. ఈ వ్యాసంలో ఆ కేంద్ర స్థానం బావురుపిల్లిది.

ఏ ప్రశ్న ఎంచుకున్నా మొదటి రోజు నుంచి చివరి దాకా మనసులో ఉంచుకోవలసిన విషయం ఒకటుంది. జంతువు కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు. ఒక చోట బావురుపిల్లి నిజంగా తిరుగుతూ ఉండి, ఏ ఒక్క రాత్రయినా అది మన కెమెరాలో పడే అవకాశం 20 శాతం అనుకుందాం. 5 రాత్రులు కెమెరా పెడితే అది అసలు పడకుండా పోయే అవకాశం దాదాపు 33 శాతం. 10 రాత్రులు పెడితే 11 శాతం, 20 రాత్రులు పెడితే ఒక శాతానికి కాస్త ఎక్కువ. అంటే వారం కూడా నిలవని సర్వేలో ‘లేదు’ అని రాసుకున్న చోట్లలో కొన్నిటిలో జంతువు ఉండి ఉండవచ్చు. పర్యవేక్షణలో వాడే ఆధునిక పద్ధతులన్నీ ఈ లోటును కొలిచి సరిదిద్దడానికి పుట్టినవే.

అనుమతులు

అభయారణ్యంలోకి అధ్యయనం కోసం వెళ్లాలంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అనుమతి పత్రం తీసుకోవాలి. రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌కు దరఖాస్తు పెట్టాలి. బావురుపిల్లి ఈ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. కనుక దాన్ని పట్టడం, మత్తు ఇవ్వడం, జాడ తెలిపే కాలర్ మెడకు వేయడం వంటి పనులకు మరింత కఠినమైన ప్రత్యేక అనుమతి అవసరమవుతుంది. కెమెరా పెట్టడానికీ పెంటికలు సేకరించడానికీ కూడా అనుమతి పత్రంలో స్పష్టంగా ప్రస్తావన ఉండేలా దరఖాస్తు రాయాలి. అభయారణ్యం వెలుపల చెరువు గట్ల మీద కెమెరా పెట్టాలంటే రైతు అంగీకారం కావాలి. అది నోటిమాటగా కాక, కెమెరా ఎక్కడ ఎన్నాళ్లు ఉంటుందో రాసిన చిన్న కాగితం మీద ఉంటే తరువాత ఎవరికీ ఇబ్బంది రాదు.

కెమెరాకు ముందు కాళ్లు, చెవులు

క్షేత్రంలో మొదటి రెండు మూడు వారాలు కెమెరా లేకుండా తిరగడానికే కేటాయించాలి. పడవ మీద పాయల వెంట, కాలినడకన గట్ల వెంట తిరుగుతూ పాదముద్రలు, పెంటికలు, నీటికుక్కల విసర్జన స్థలాలు, జంతువులు పదేపదే నడిచి పడిన బాటలు ఎక్కడ ఉన్నాయో జీపీఎస్‌లో నమోదు చేసుకోవాలి. మెత్తటి ఒండ్రు మీద ముద్రలు చక్కగా పడతాయి కానీ వాటి ఆయుష్షు ఒక పోటు వచ్చేవరకే. అందుకే పాటు తీసిన తరువాత, మళ్లీ నీరు ఎక్కకముందు, ఉదయపు వెలుతురు ఏటవాలుగా పడే వేళ వాటిని చూడాలి.

పిల్లి ముద్ర గుండ్రంగా ఉంటుందనీ, గోళ్లు పడవనీ, నక్క ముద్ర పొడవుగా ఉండి గోళ్లు పడతాయనీ పుస్తకాల్లో చదువుకుంటాం. బావురుపిల్లి విషయంలో ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మకూడదు. దాని గోళ్లు పూర్తిగా తొడుగులోకి వెళ్లవు, వేళ్ల మధ్య కొంత చర్మం కూడా ఉంటుంది. అందువల్ల మెత్తటి బురదలో గోటి గుర్తు కనబడినంత మాత్రాన అది నక్కదో ఊరకుక్కదో అని తేల్చేయరాదు. ముద్ర పక్కన కొలబద్ద పెట్టి, పైనుంచి నిట్టనిలువుగా ఫొటో తీసుకుని, అనుమానం ఉంటే ‘గుర్తించలేదు’ అనే రాసుకోవాలి.

పాయల్లో వలలు వేసేవాళ్లకు, రాత్రుళ్లు చెరువుల దగ్గర కాపలా పడుకునేవాళ్లకు తెలిసినంత సమాచారం మరెవరికీ తెలియదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు పేరు పెట్టి అడగకుండా ఫొటోలు చూపించి అడగాలి, ఎందుకంటే ఒకే జంతువును ఒక్కో ఊళ్లో ఒక్కో పేరుతో పిలుస్తారు, ఒకే పేరు రెండు జంతువులకూ చెల్లుతుంది. ఆ ఫొటోల్లో ఈ ప్రాంతంలో ఉండే అవకాశమే లేని మంచు చిరుత వంటి జంతువును ఒకటి రెండు కలిపి ఉంచడం మంచి పద్ధతి. దాన్ని కూడా చూశామని చెప్పినవారి మిగతా జవాబులకు తక్కువ బరువు ఇవ్వవచ్చు. ‘మీ చెరువులో చేపలు తిన్నదా?’ అని మొదలుపెట్టడం కన్నా ‘రాత్రి కాపలాలో ఏమేం కనబడతాయండీ?’ అని అడిగితే మనిషి భయపడకుండా మాట్లాడతాడు. వలలో చిక్కి చచ్చిన జంతువుల సంగతి ఎవరైనా చెబితే ఊరు పేరు, మనిషి పేరు రాసుకోకుండా, కాలాన్నీ సుమారు స్థలాన్నీ మాత్రమే నమోదు చేయాలి.

గళ్లు గీయడం, దూరాలు లెక్కించడం

అధ్యయన ప్రాంతాన్ని పటాలు గీసే క్యూజీఐఎస్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2 కిలోమీటర్ల చదరపు గళ్లుగా విడగొడితే ఒక్కో గడి 4 చదరపు కిలోమీటర్లు వస్తుంది. అభయారణ్యం వరకే చూస్తే సుమారు 59 గళ్లు అవుతాయి. చుట్టూ ఉన్న చెరువుల ప్రాంతాన్ని తప్పనిసరిగా కలపాలి. అడవి లోపల మాత్రమే కెమెరాలు పెట్టి, బావురుపిల్లికి దట్టమైన మడ అంటేనే ఇష్టమని తేల్చడం, మనం చూడని చోటు గురించి మనమే తీర్పు చెప్పినట్టవుతుంది.

కెమెరాల మధ్య దూరాన్ని జంతువు సంచార పరిధి నిర్ణయిస్తుంది. నేపాల్‌లోని చిత్వన్‌లో కాలర్లు వేసి చేసిన అధ్యయనంలో ఆడ బావురుపిల్లులు 4 నుంచి 6, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్ల మేర తిరిగినట్టు తేలింది. ఆడదాని 4 చదరపు కిలోమీటర్ల పరిధిని వృత్తంగా ఊహిస్తే దాని వ్యాసార్థం 1.13 కిలోమీటర్లు. జంతువు తన కేంద్రం నుంచి దూరమయ్యే కొద్దీ కెమెరాలో పడే అవకాశం ఎంత వేగంగా తగ్గుతుందో చెప్పే కొలతను సిగ్మా అంటారు. వాడుకలో ఉన్న సాధారణ నమూనా ప్రకారం పై వ్యాసార్థాన్ని 2.45తో భాగిస్తే సిగ్మా సుమారు 460 మీటర్లు వస్తుంది. కెమెరాల మధ్య దూరం సిగ్మాకు రెండు రెట్లు మించకుండా ఉంటే మంచిది కనుక, 800 నుంచి 900 మీటర్ల దూరం సరిపోతుంది. ఒక్కో ఆడపిల్లి పరిధిలో ఒకటికి మించి కెమెరాలు పడాలన్నదే ఈ లెక్క సారం. చిత్వన్ గడ్డిమైదానాల నేల, మన మడ అడవుల నేల ఒకటి కావు. కనుక మొదటి నెల సమాచారం రాగానే సిగ్మాను మళ్లీ లెక్కించి దూరాలు సవరించుకోవాలి.

ఈ దూరంతో మొత్తం ప్రాంతమంతా ఒకేసారి కెమెరాలు పెట్టాలంటే వందల సంఖ్యలో కావాలి. అన్ని కెమెరాలు చాలామంది దగ్గర ఉండవు. అందుకే ప్రాంతాన్ని రెండు మూడు ఖండాలుగా విడగొట్టి, ఒక్కో ఖండంలో 30 రాత్రుల చొప్పున, ఒకదాని తరువాత ఒకటి పూర్తి చేయాలి. ఒడిశాలోని చిలికా సరస్సులో 2021, 2022 సంవత్సరాల్లో చిలికా అభివృద్ధి సంస్థ, ది ఫిషింగ్ క్యాట్ ప్రాజెక్టు కలిసి ఇలాగే రెండు దశల్లో కెమెరాలు పెట్టి, రక్షిత అరణ్యాల వ్యవస్థకు వెలుపల తొలిసారిగా బావురుపిల్లుల సంఖ్యను 176గా అంచనా వేశాయి. మన డెల్టాకు దగ్గర పోలికలున్న తీరప్రాంతం అది. ఒక ఖండంలో సర్వే మరీ ఎక్కువ కాలం సాగకూడదు. పుట్టుకలు, చావులు, వలసలు లేవన్న భావన మీదే ఈ లెక్క నిలబడుతుంది కనుక ఒక నెల నుంచి రెండు నెలల లోపు ముగించడం మేలు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపానులు వచ్చే కాలం. జనవరి నుంచి ఏప్రిల్ వరకు పనికి అనువైన కాలం.

కెమెరా అమర్చడం

మడ అడవిలో కెమెరా పెట్టడం గట్టి నేల అడవిలో పెట్టడంలా ఉండదు, ఎందుకంటే ఇక్కడ రోజుకు రెండుసార్లు నీరు ఎక్కి దిగుతుంది. పోటుకూ పోటుకూ మధ్య వ్యవధి సుమారు 12 గంటల 25 నిమిషాలు. అమావాస్యకూ పౌర్ణమికీ పోటు అన్నిటికంటే ఎత్తుకు వస్తుంది. కెమెరా పెట్టిన రోజు సప్తమో అష్టమో అయితే నీటి ఎత్తు తక్కువగా కనబడి మోసం చేస్తుంది. చెట్ల మొదళ్ల మీద ఆరిన బురద గీత ఎంత ఎత్తులో ఉందో చూసి, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఇచ్చే పోటుపాట్ల అంచనాలతో సరిచూసుకుని, రాబోయే పెద్ద పోటుకు పైన కెమెరా ఉండేలా చూడాలి.

సాధారణంగా ఈ పరిమాణం జంతువులకు కెమెరా కన్ను నేల నుంచి 30 నుంచి 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. ఆ ఎత్తు నీటి గీతకు కింద పడితే కెమెరాను పైకి జరిపి, ముఖాన్ని కొద్దిగా కిందకు వంచి, జంతువు నడిచే చోటికి 2 నుంచి 3 మీటర్ల దూరంలో ఉండేలా సర్దాలి. చోటు వీలు ఇవ్వకపోతే ఆ గడిలోనే ఎత్తుగా ఉన్న గట్టునో, నీరెక్కని దిబ్బనో వెతకాలి. కొమ్మలకు కట్టిన కెమెరా గాలికి ఊగి వేలకొద్దీ ఖాళీ ఫొటోలు తీస్తుంది. అందుకు విరుగుడుగా ఒక సరుగుడు కర్రను బురదలోకి గట్టిగా దిగేదాకా దించి దానికి బిగించడం మంచిది. శ్వాసవేర్లను నరకరాదు. అడ్డం వచ్చే ఆకులను తుంచకుండా పక్కకు కట్టేస్తే చాలు. కెమెరా ముఖం ఉత్తరానికో దక్షిణానికో ఉంటే ఉదయ సాయంకాలాల ఎండ నేరుగా తగలదు.

బావురుపిల్లిని గుర్తుపట్టాలంటే రెండు పక్కల మచ్చలూ కావాలి. కుడిపక్క మచ్చలకూ ఎడమపక్క మచ్చలకూ పోలిక ఉండదు. అందువల్ల ప్రతి స్థలంలో బాటకు ఇరువైపులా ఒక్కో కెమెరా ఉండాలి. రెండూ సరిగ్గా ఎదురెదురుగా ఉంటే ఒకదాని వెలుగు మరోదాన్ని కమ్మేస్తుంది కనుక కొంచెం పక్కకు జరపాలి. ఒక్కో కదలికకు మూడు ఫొటోలు, మధ్యలో విరామం లేకుండా తీసేలా సెట్ చేసుకోవాలి. కంటికి కనబడని పరారుణ వెలుగుతో పనిచేసే కెమెరాలు జంతువును తక్కువ బెదిరిస్తాయి, దొంగల కంట కూడా తక్కువ పడతాయి. మధ్యాహ్నపు ఎండలో నేల వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా వస్తే సెన్సార్ బలహీనపడుతుంది. అందుకే పగలు తక్కువగా పడిన జంతువు పగలు తిరగడం లేదని తొందరపడి తేల్చకూడదు.

ఉప్పుగాలికి బ్యాటరీ కొసలు తొందరగా తుప్పు పడతాయి. ప్రతి కెమెరాలో సిలికా జెల్ పొట్లం పెట్టాలి. పెట్టెలోకి చీమలు చేరకుండా మూత అంచులు, చిల్లులు శుభ్రంగా మూసి ఉన్నాయో లేదో ప్రతిసారీ చూడాలి. ప్రతి వారం పది రోజులకొకసారి వెళ్లి అద్దం తుడిచి, కార్డు మార్చి, గడియారం సరిగా ఉందో లేదో సరిచూడాలి. ప్రతి కెమెరా ముందు తేదీ, వేళ, స్థలం సంఖ్య రాసిన పలకను పట్టుకుని ఒక ఫొటో తీయించడం చిన్న పనే కానీ, గడియారం తప్పిన కెమెరా నుంచి వచ్చిన సమాచారాన్ని తరువాత సరిదిద్దడానికి ఆ ఒక్క ఫొటోయే ఆధారం.

ఎర పెట్టాలా వద్దా అన్న విషయంలో నా అభిప్రాయం స్పష్టం. సంఖ్య మాత్రమే కావాలంటే చేపనూనె వంటి వాసన కొంత సాయపడవచ్చు, కానీ ఆవాస వినియోగం గురించి ప్రశ్న ఉన్నప్పుడు అసలు వాడకూడదు. మనం పిలిచిన చోటికి వచ్చిన జంతువు, తనంతట తాను ఎక్కడికి వెళ్తుందో చెప్పదు. వాడాలని నిర్ణయిస్తే అన్ని స్థలాల్లోనూ, అన్ని సంవత్సరాల్లోనూ ఒకే పరిమాణంలో వాడాలి.

ప్రతి స్థలానికీ ఏ రాత్రి కెమెరా పనిచేసింది, ఏ రాత్రి ఆగిపోయింది అన్న పట్టిక తప్పకుండా ఉంచాలి. 40 స్థలాలు 30 రాత్రులంటే 1,200 కెమెరా రాత్రులు. అందులో నీరు చేరి, బ్యాటరీ అయిపోయి, ఆవులు గుద్ది పడిపోయిన రాత్రులన్నీ తీసేసిన తరువాత మిగిలినదే అసలు శ్రమ. ఈ పట్టిక లేకపోతే మిగతా విశ్లేషణ ఏదీ నిలబడదు.

పెంటికలు, డీఎన్‌ఏ

నీటికుక్కల విసర్జన స్థలాలు చేపపొలుసులతో, పీత చిప్పలతో, గాఢమైన వాసనతో తేలికగా గుర్తుపట్టేలా ఉంటాయి. పాయల వెంట పడవ మీద వాటిని లెక్కిస్తూ వెళ్లడం ఆ జాతికి కెమెరాకన్నా చౌకైన, మంచి పద్ధతి. పిల్లుల పెంటికలను మాత్రం కంటితో చూసి ఇది ఫలానా జాతిదని చెప్పకూడదు. చేతితొడుగులు, మాస్కు వేసుకుని కొద్ది భాగాన్ని ఇథనాల్‌లోనో సిలికా జెల్‌లోనో భద్రపరిచి, సంచి మీద స్థలం, తేదీ రాసి ఉంచితే ప్రయోగశాలలో డీఎన్‌ఏ ద్వారా జాతి తేలుతుంది. హైదరాబాదులో సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఇలాంటి వన్యప్రాణి జన్యు పరిశీలనలకు పేరుపొందింది. మిగిలిన భాగాన్ని కడిగి ఎముకలు, వెంట్రుకలు, పొలుసులు వేరుచేస్తే ఆహారం గురించి తెలుస్తుంది. రైతులు పిల్లి తమ చేపలన్నీ తినేస్తోందని అన్నప్పుడు ఎలుకలు, పీతలు, అడవి చేపలు ఎంత వాటా ఉన్నాయో చూపగలిగేది ఈ పరిశీలన ఒక్కటే.

ఫొటోల నుంచి గుర్తింపుల దాకా

వేల ఫొటోల్లో చాలావరకు ఖాళీవే ఉంటాయి. మెగాడిటెక్టర్ వంటి ఉచిత సాధనాలు జంతువు, మనిషి, వాహనం, ఖాళీ అని ముందుగా వేరుచేస్తాయి. జాతిని మాత్రం మనిషే చూసి నిర్ధారించాలి. మత్స్యకారులు, చెరువు కూలీలు కనబడే ఫొటోలను వాళ్ల ముఖాలు ఎవరికీ చేరకుండా వెంటనే తొలగించాలి, ‘మనిషి’ అన్న సంఖ్య మాత్రం ఉంచుకోవచ్చు. ఊరకుక్కల ఫొటోలను తీసేయకూడదు. అవి ఆహారానికి పోటీపడతాయి, జబ్బులు అంటిస్తాయి, చిన్న మాంసాహారులను తరుముతాయి. ఆవాస వినియోగాన్ని వివరించడంలో వాటి సంఖ్య ఒక ముఖ్యమైన కొలత అవుతుంది.

బావురుపిల్లుల గుర్తింపులో ఇద్దరు వ్యక్తులు ఒకరి జవాబు మరొకరు చూడకుండా పనిచేయాలి. భుజం మీద, నడుం పక్కన, తొడ మీద ఉన్న మచ్చల్లో కనీసం మూడు చోట్ల పోలిక కుదిరితేనే అదే జంతువని నమోదు చేయాలి. హాట్‌స్పాటర్ వంటి సాఫ్ట్‌వేర్ దగ్గరి పోలికలను వెతికి చూపుతుంది కానీ తుది నిర్ణయం మనుషులదే. తడిసిన ఒళ్లు, మసక ఫొటో, వంగిన నడుము ఉన్న ఫొటోలను పక్కన పెట్టేయడం బాధగా అనిపించినా చేయక తప్పదు. ఒకే జంతువును రెండుగా రాసుకుంటే సంఖ్య పెరుగుతుంది, పైగా మళ్లీ మళ్లీ కనబడినవి తగ్గిపోయి అంచనా ఇంకా పైకి పోతుంది. ఒక పక్క మాత్రమే దొరికిన జంతువుల విషయంలో ఎడమపక్క, కుడిపక్క జాబితాలు విడివిడిగా చేసి, ఎక్కువ జంతువులున్న పక్కను విశ్లేషణకు తీసుకోవాలి.

సాంద్రత లెక్క

1990లలో కర్ణాటకలోని నాగర్‌హొళె అడవిలో వన్యప్రాణి శాస్త్రవేత్త ఉల్లాస్ కారంత్ పులుల చారల ఆధారంగా చూపిన దారి ఇదే: గుర్తుపట్టిన జంతువు మళ్లీ ఎన్నిసార్లు కనబడిందన్న దాని నుంచి కనబడనివి ఎన్నో అంచనా వేయడం. ఇప్పుడు వాడే పద్ధతిలో దీనికి స్థలాన్ని కూడా కలుపుతారు. ఏ జంతువు ఏ రోజు ఏ కెమెరాలో పడిందన్న పట్టిక, కెమెరాల స్థానాలు, అవి పనిచేసిన రాత్రులు, జంతువులు ఉండగల నేల పటం కావాలి. ఆర్ అనే ఉచిత గణాంక సాఫ్ట్‌వేర్‌లో ఎస్‌ఈసీఆర్ ప్యాకేజీ ఈ పని చేస్తుంది.

ఇందులో నేల పటం దగ్గరే తీరప్రాంతంలో పొరపాట్లు జరుగుతాయి. కెమెరాల చుట్టూ సిగ్మాకు నాలుగు రెట్ల దూరం కలపాలి. మగదాని 16 చదరపు కిలోమీటర్ల పరిధి నుంచి లెక్కిస్తే ఆ దూరం సుమారు 3.7 కిలోమీటర్లు అవుతుంది. అందులో సముద్రం, లోతైన నది ముఖద్వారం, జనావాసాలు పడితే వాటిని పటం నుంచి తీసేయాలి. లేకపోతే సముద్రంలో కూడా పిల్లులు ఉన్నట్టు సాఫ్ట్‌వేర్ లెక్కవేస్తుంది. ఆడ, మగ జంతువుల సిగ్మా వేరుగా ఉండే అవకాశం ఉంది కనుక లింగం తెలిసినప్పుడు దాన్ని నమూనాలో చేర్చాలి. ఒకే జంతువు ఒకటికి మించిన స్థలాల్లో కనబడకపోతే సిగ్మా తేలదు. మొత్తం మీద కనీసం 20 పునర్దర్శనాలైనా లేని సర్వే నుంచి సాంద్రత ప్రకటించకుండా, గుర్తించిన జంతువుల కనీస సంఖ్య మాత్రమే చెప్పడం సరైన పని. ఫలితాన్ని చదరపు కిలోమీటరుకు ఎన్ని అన్న ఒక్క అంకెగా కాకుండా, 95 శాతం విశ్వాస అవధితో, అంటే అసలు విలువ ఉండగల కింది, పై హద్దులతో కలిపి రాయాలి. రెండు సంవత్సరాల అంకెలు వేరైనా ఆ అవధులు చాలావరకు కలిసిపోతుంటే, సంఖ్య పెరిగిందనో తగ్గిందనో పత్రికలకు చెప్పకూడదు.

వంద కెమెరా రాత్రులకు ఎన్ని ఫొటోలు అన్న సూచికను జనాభాగా వాడే అలవాటు ఇంకా ఉంది. గట్టు మీద నడిచే పిల్లి కెమెరాకు తేలికగా పడుతుంది, బురదలో చెదిరి తిరిగే పిల్లి పడదు. అంటే ఆ సూచిక జంతువుల సంఖ్య కన్నా ఎక్కువగా కెమెరా పెట్టిన చోటి స్వభావాన్ని చెబుతుంది. దాన్ని వాడవద్దని నా గట్టి సలహా.

నక్కకు, అడవిపిల్లికి: ఆక్యుపెన్సీ

గుర్తుపట్టలేని జాతులకు గడిలో జంతువు ఉందా లేదా అన్న పట్టిక సరిపోతుంది. ఎన్ని చోట్ల జంతువు ఉందో ఇలా అంచనా వేయడాన్ని ఆక్యుపెన్సీ పద్ధతి అంటారు. దీని గణిత రూపాన్ని 2002లో మెకంజీ, ఆయన సహచరులు ప్రతిపాదించారు. ప్రతి గడిలో 30 రాత్రులను వారం వారంగానో, అయిదేసి రాత్రులుగానో విడగొట్టి, ఒక్కో భాగంలో కనబడిందా లేదా అని 1, 0 రాసుకోవాలి. ఉదాహరణకు 40 గళ్లలో నాలుగు భాగాల సర్వే చేసి 22 గళ్లలో నక్కను చూశామనుకుందాం. పైకి చూస్తే 55 శాతం గళ్లలో ఉన్నట్టు. ఒక్కో భాగంలో కనబడే అవకాశం 30 శాతమే అయితే, నాలుగు భాగాల్లో ఒక్కసారైనా కనబడే అవకాశం 76 శాతం. 22ను 0.76తో భాగిస్తే దాదాపు 29 గళ్లు, అంటే 72 శాతం. మిగిలిన ఏడు గళ్లలో నక్క ఉండీ మనకు చిక్కలేదన్నమాట. అసలు విశ్లేషణలో ఈ రెండు సంభావ్యతలనూ ఆర్‌లోని అన్‌మార్క్‌డ్ ప్యాకేజీ ఒకేసారి అంచనా వేస్తుంది.

గడి పరిమాణం జంతువు సంచార పరిధికన్నా చిన్నదైతే ఒకే నక్క రెండు మూడు గళ్లలో పడుతుంది. అప్పుడు వచ్చిన శాతాన్ని ‘నివాసం’ అని కాకుండా ‘వాడుకున్న గళ్ల శాతం’ అని మాత్రమే చదవాలి. నక్కల సాంద్రతే కావాలనుకుంటే రోక్లిఫ్ బృందం 2008లో ప్రచురించిన పద్ధతి ఉంది. ఫొటోల రేటుకు జంతువు నడక వేగాన్నీ, కెమెరా కంటికి అందే దూరాన్నీ కోణాన్నీ జోడించి లెక్కిస్తారు. అయితే దానికి కెమెరాలను బాటల మీద కాకుండా యాదృచ్ఛిక స్థలాల్లో పెట్టాలి, కనుక బావురుపిల్లి కోసం చేసిన అమరికను దీనికి వాడకూడదు.

ఆవాస వినియోగం, పోటుపాట్లు

ఆవాసాన్ని కొలిచే అంశాలను ముందుగానే, కారణంతో సహా ఎంచుకోవాలి. దగ్గరలోని పాయకు దూరం, చెరువు గట్టుకు దూరం, ఊరికి దూరం, ఉపగ్రహ చిత్రాల నుంచి ఆకుపచ్చదనపు సూచిక, మడ జాతుల రకం, జమ్ము, తుంగ ఎంత మేర ఉన్నాయి, కుక్కల ఫొటోలు ఎన్ని అన్నవి సరిపోతాయి. సెంటినల్-2 ఉపగ్రహ చిత్రాలు 10 మీటర్ల స్పష్టతతో ఉచితంగా దొరుకుతాయి. మడకూ చెరువుకూ మధ్య ఉన్న సన్నటి గట్లను ఆ స్పష్టత పూర్తిగా పట్టుకోలేదు కనుక గట్ల మీది గడ్డి ఎత్తును చేత్తో కొలిచి రాసుకోవాలి. ప్రతి అంశాన్నీ స్థలం చుట్టూ 100 మీటర్లు, 500 మీటర్లు, ఒక కిలోమీటరు అనే మూడు వలయాల్లో లెక్కించి, ఏ కొలమానం జంతువు ప్రవర్తనను బాగా వివరిస్తుందో పోల్చి చూడాలి. 40 గళ్ల సమాచారానికి పది పన్నెండు అంశాలు ఎక్కించడం వృథా. నాలుగైదుకు మించకూడదు.

ఇక్కడే మన డెల్టాకు ప్రత్యేకమైన ఒక విశ్లేషణ ఉంది. సాధారణంగా జంతువుల చురుకుదనాన్ని గడియారం ప్రకారం గీస్తారు. మడ అడవిలో అదే సమాచారాన్ని పోటు గడియారం మీద కూడా గీయాలి. ప్రతి ఫొటోకూ ఆ స్థలానికి దగ్గరి పాటు కనిష్ఠం నుంచి ఎన్ని గంటలు గడిచాయో లెక్కించి, రెండు చిత్రాలనూ పక్కపక్కన పెడితే జంతువు చీకటిని అనుసరిస్తోందా, నీటిని అనుసరిస్తోందా, రెండూ కలిసిన వేళను ఎంచుకుంటోందా అన్నది తెలుస్తుంది. అరగంట లోపు వచ్చిన ఒకే జాతి ఫొటోలను ఒకే సందర్శనగా లెక్కించాలి. ఈ విశ్లేషణను గట్ల మీది కెమెరాలకు, మడ లోపలి కెమెరాలకు విడివిడిగా చేయడం మంచిది. చెరువుల నీరు పోటుతో కదలదు కనుక అక్కడి ప్రవర్తన భిన్నంగా ఉండవచ్చు. రొయ్యల చెరువుల నిర్వాహకులతో మాట్లాడేటప్పుడు, ఏ గట్టు మీద ఏ వేళ కాపలా ఉంచితే సరిపోతుందో చెప్పగలిగే ఆధారం కూడా ఇదే.

జీపీఎస్ కాలర్లు కెమెరా చెప్పలేని వివరాలు చెబుతాయి, కానీ జంతువును పట్టి మత్తు ఇవ్వడం ప్రమాదంతో కూడిన పని. పశువైద్యుడు లేకుండా ఎప్పుడూ చేయకూడదు. 5 కిలోల ఆడపిల్లి ఒంటి బరువులో 3 శాతం అంటే 150 గ్రాములు. కాలర్ అంతకన్నా బరువుగా ఉంటే వేయరాదు. కెమెరాలతో జవాబు దొరికే ప్రశ్నకు కాలర్ వాడటాన్ని నేను సమర్థించను.

మళ్లీ మళ్లీ చేయడానికి

ఒక్క ఏడాది సర్వే నుంచి పర్యవేక్షణ పుట్టదు. రెండో ఏడాది అదే నెలల్లో, అవే స్థలాల్లో, అదే ఎత్తులో, అదే రకం కెమెరాతో మళ్లీ చేయాలి. మనుషులు మారతారు కనుక ప్రతి స్థలానికి ఒక పేజీ సిద్ధం చేయాలి: జీపీఎస్ స్థానం, కెమెరా ముఖం ఏ దిక్కుకు ఉంది, పడవ ఏ పాయ నుంచి ఏ పోటుకు వెళ్లగలదు, సరుగుడు కర్ర ఎక్కడ దించారు, నాలుగు దిక్కుల ఫొటోలు. తుపాను తరువాత పాయ దారి మారితే పాత స్థలాన్ని రద్దు చేసి కొత్త సంఖ్య ఇవ్వాలి. పాత సంఖ్యతోనే కొత్త చోటును కొనసాగిస్తే ఆవాసం మారిందా, కెమెరా మారిందా అన్నది తరువాత ఎవరికీ తేలదు.

గుర్తించిన ప్రతి బావురుపిల్లికీ ఒక శాశ్వత సంఖ్య, రెండు పక్కల ఉత్తమ ఫొటోలు, కనబడిన తేదీలతో ఒక జాబితా ఉండాలి. ఏళ్ల మీద ఈ జాబితా నుంచే ఎన్ని బతికి ఉన్నాయో, ఎన్ని కొత్తగా చేరాయో అంచనా వేయగలుగుతాం. అసలు సమాచారం రెండు వేర్వేరు చోట్ల భద్రపరచి, ఒక ప్రతిని అటవీ శాఖకు ఇవ్వాలి. బయటకు ఇచ్చే పటాల్లో ఖచ్చితమైన స్థానాలు కాకుండా 4 చదరపు కిలోమీటర్ల గళ్లు మాత్రమే చూపాలి. సమాచారం ఇచ్చిన రైతులకు, మత్స్యకారులకు వాళ్ల గట్టు మీద పడిన జంతువుల ఫొటోలను ముద్రించి ఇచ్చి, ఫలితాలను తెలుగులో వాళ్ల ఊళ్లోనే వివరించడం తరువాతి ఏడాది అనుమతి అడగడానికి ముందే పూర్తి కావాలి.